పారిపోని మనిషికి బెయిలు: కావలి నుంచి ఢిల్లీ దాకా నడిచిన ఒక అప్పగింత కేసు

మరో దేశం కోరిన మనిషిని ఆ దేశానికి అప్పజెప్పే (ఎక్స్‌ట్రడిషన్) పద్ధతిని చెప్పే నేరస్థుల అప్పగింత చట్టం, 1962లోని 2(ఎఫ్) సెక్షన్ ‘ఫ్యుజిటివ్ క్రిమినల్’ అన్న మాటను నిర్వచిస్తుంది. విదేశపు న్యాయపరిధిలో అప్పగింతకు వీలైన నేరం చేశాడని ఆరోపణ ఎదుర్కొంటున్నవాడైనా, అందులో శిక్ష పడినవాడైనా ఆ మాట కిందికే వస్తాడు. అతను పారిపోయి ఉండాలని గానీ, నేరం రుజువై ఉండాలని గానీ ఆ నిర్వచనం కోరదు. అయినా ఆ మాట తెలుగులోకి వచ్చేసరికి ‘పరారీలో ఉన్న నేరస్థుడు’ అవుతుంది. దాంతో బెయిలు పిటిషన్ మీద వాదన మొదలు కాకముందే రెండు సంగతులు తేలిపోయినట్టు కనిపిస్తుంది: అతను నేరస్థుడు, అతను పారిపోయాడు. నెల్లూరులో ప్రాక్టీసు చేస్తున్న నేను ఏడాదికి పైగా నడిపిన ఒక కేసులో ఎక్కువ శ్రమంతా ఆ రెండో మాటను తొలగించడానికే ఖర్చయింది. కక్షిదారు అనుమతితోనే ఇది రాస్తున్నాను. అతన్ని గుర్తుపట్టే వివరాలు, కొన్ని తేదీలు మార్చాను. చట్టానికి సంబంధించిన అంశాలు ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను.

కక్షిదారుకు 46 ఏళ్లు. ఊరు కావలికి దగ్గర. అమెరికాలో పదకొండేళ్లు ఉన్నాడు. చివరి నాలుగేళ్లు, కంపెనీలకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులను సమకూర్చే ఒక చిన్న సంస్థలో భాగస్వామి. 2019 జూన్‌లో తండ్రికి పక్షవాతం వచ్చిందని భార్యాపిల్లలతో తిరిగివచ్చాడు. ఆ ఏడాది చివర్లో తండ్రి పోయాక, ఆరెకరాల మాగాణి, రెండు రొయ్యల చెరువులు చూసుకుంటూ ఊళ్లోనే ఉండిపోయాడు. 2021లో అమెరికాలోని ఒక ఫెడరల్ కోర్టులో, పని గంటలు ఎక్కువ చూపి ఖాతాదారు కంపెనీల నుంచి డబ్బు రాబట్టారంటూ ఆ సంస్థ భాగస్వాముల మీద గ్రాండ్ జ్యూరీ, అంటే అభియోగం మోపాలా వద్దా తేల్చే పౌరుల బృందం, అభియోగపత్రం ఇచ్చింది. ఎలక్ట్రానిక్ మార్గాల్లో మోసం, కుట్ర అన్నవి ఆరోపణలు. అంటే అతను బయలుదేరి వచ్చిన నాటికి కేసు లేదు, అభియోగపత్రం లేదు, వారంటు లేదు. ఈ ఒక్క వాస్తవాన్ని కోర్టు ముందు సరిగ్గా నిలబెట్టడానికి నాకు అయిదు నెలలు పట్టింది. అందులో కొంత తప్పు నాదే. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇక్కడ గల్ఫ్ దేశాల సంగతి ఒక మాట చెప్పాలి. మన జిల్లాల నుంచి అక్కడికి వెళ్లి వచ్చినవాళ్లు ఎక్కువ, చెక్కు కేసుల భయంతో ఆఫీసుకు వచ్చేవాళ్లూ ఎక్కువే. అప్పగింత అనగానే మొదట అడగవలసింది ఏ దేశం అని. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌తో 1999లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏ దేశం తన పౌరులను రెండో దేశానికి అప్పగించదు, కేసును తన సొంత అధికారుల ముందే ఉంచుతుంది. అమెరికాతో 1997లో కుదిరిన ఒప్పందం అలా కాదు. జాతీయత కారణంగా అప్పగింతను నిరాకరించడానికి అందులో వీలు లేదు. నా కక్షిదారు భారత పౌరుడన్న వాదనకు అందువల్ల విలువ లేకపోయింది. రెండు దేశాల్లోనూ ఏడాదికి మించిన శిక్ష పడే నేరమైతే చాలు, ఆ ఒప్పందం వర్తిస్తుంది.

నెల్లూరులో గడిచిన ఒక్క రోజు

2024 సెప్టెంబరులో ఒక ఉదయం అరెస్టు జరిగింది. అది చట్టంలోని 34బి సెక్షన్ కింద ఢిల్లీ మేజిస్ట్రేట్ జారీ చేసిన తాత్కాలిక వారంటు. పూర్తి అభ్యర్థన పత్రాలు ఇంకా రాకముందే, అవతలి దేశం అత్యవసరంగా కోరితే, కేంద్ర ప్రభుత్వం మేజిస్ట్రేట్‌ను అడిగి ఇలాంటి వారంటు తీసుకోవచ్చు. అరెస్టు అయిన నాటి నుంచి 60 రోజుల్లో అసలు అభ్యర్థన రాకపోతే ఆ వ్యక్తిని విడుదల చేయాలి.

కోర్టు ఆవరణలో అతని తల్లి నన్ను ఆపి అడిగిన మాట నా వాదనకు మొదటి వాక్యమైంది. “మా వాడు ఎక్కడికి పారిపోయినాడయ్యా? అయిదేండ్ల నుంచి ఇంట్లోనే గదా ఉండాడు.” ఆ మాటను ఆమె వేదనగానే విన్నాను. అది సాక్ష్యమని, కాగితాలతో నిరూపించగల సాక్ష్యమని నాకు అప్పుడు తట్టలేదు.

ఇతర జిల్లాలో జారీ అయిన వారంటు మన జిల్లాలో అమలైనప్పుడు, మన దగ్గర చాలామంది న్యాయవాదులు ట్రాన్సిట్ రిమాండును, అంటే అరెస్టయిన మనిషిని వారంటు జారీ చేసిన కోర్టుకు తీసుకువెళ్లడానికి ఇచ్చే అనుమతిని, లాంఛనంగా చూసి వదిలేస్తారు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 83వ సెక్షన్ రెండో మినహాయింపును అందరూ ఒకసారి చదవాలని నా మనవి. నేరం బెయిలుకు వీలు లేనిదైనా సరే, అరెస్టు జరిగిన జిల్లాలోని చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేట్ గానీ, సెషన్స్ జడ్జి గానీ బెయిలు ఇవ్వడం చట్టసమ్మతమే అని అది చెబుతుంది. అందుకు ఆధారంగా, వారంటు జారీ చేసిన కోర్టు ఆరోపణల సారాంశాన్ని, బెయిలు విషయం తేల్చడానికి సరిపడా పత్రాలను వారంటుతోపాటే పంపాలని 80(2) సెక్షన్ విధిస్తుంది. పాత కోడ్‌లో ఇవే 81, 78(2) సెక్షన్లు. అప్పగింత చట్టంలోని 25వ సెక్షన్ బెయిలు నిబంధనలన్నిటినీ ఈ కేసులకు వర్తింపజేస్తుంది కనుక, ఈ అధికారం నెల్లూరులోనూ ఉందని ఆ మధ్యాహ్నమే పిటిషన్ వేశాను.

బెయిలు రాలేదు. వారంటుతో వచ్చింది రెండే కాగితాలు. వాటిలో ఆరోపణల సారాంశం అన్నది ఒక పేరా. ఆ కాస్త సమాచారంతో విదేశీ అభ్యర్థన ఉన్న వ్యవహారంలో బెయిలు ఇవ్వలేనని కోర్టు చెప్పింది. కానీ రెండు సంగతులను ఉత్తర్వులో నమోదు చేయించగలిగాను. 80(2) సెక్షన్ కోరే పత్రాలు రాలేదన్నది మొదటిది. అరెస్టు అతని సొంత ఇంట్లో, ఆధార్, పాస్‌పోర్టుల్లో ఉన్న అదే చిరునామాలో, ఏ ప్రతిఘటనా లేకుండా జరిగిందన్నది రెండోది. తిరస్కరించిన ఉత్తర్వే అయినా, ఈ రెండో వాక్యం ఢిల్లీలో మాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది. స్థానిక కోర్టు స్వయంగా నమోదు చేసిన విషయం కావడంతో దాన్ని ఎవరూ కాదనలేకపోయారు. ఆ రాత్రే అతన్ని ఢిల్లీకి తీసుకువెళ్లారు.

మొదటి పిటిషన్‌లో నా పొరపాటు

విదేశాంగ శాఖ 5వ సెక్షన్ కింద విచారణకు ఆదేశించేటప్పుడు, నేరం తన పరిధిలోనే జరిగి ఉంటే విచారించే అధికారం ఉండే ఏ మేజిస్ట్రేట్‌నైనా ఎంచుకోవచ్చు. ఆచరణలో ఈ విచారణలు ఎక్కువగా ఢిల్లీలోని పటియాలా హౌస్ కోర్టులకు వెళతాయి. కావలి మనిషి తిహార్‌లో, అతని భూమి కాగితాలు కావలి తహశీల్దారు దగ్గర, అతనిమీద సాక్ష్యం అమెరికాలో. ఈ దూరం కేసు పొడవునా బాధించింది. ఢిల్లీలో ఒక సహ న్యాయవాదితో కలిసి వకాల్తా వేశాను. వాయిదాలకు జీటీ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లివచ్చేవాణ్ణి.

మొదటి బెయిలు పిటిషన్ 38 పేజీలు. అందులో దాదాపు ముప్పై పేజీల్లో అతను నిర్దోషి అని వాదించాను. బిల్లులు ఎవరు తయారు చేశారు, సంతకాలు ఎవరివి, లాభం ఎవరికి చేరింది అని వరసగా రాసుకుంటూ పోయాను. పారిపోయే ప్రమాదం గురించి రెండు పేరాలు. ఇక్కడి కోర్టుల్లో మోసం కేసుల బెయిలు పిటిషన్లు రాసి రాసి చేతికి పడిన అలవాటు అది. అప్పగింత విచారణలో మేజిస్ట్రేట్ నేరం రుజువైందా లేదా అన్నది చూడరు. ప్రాథమిక ఆధారం ఉందా, నేరం అప్పగింతకు వీలైనదేనా, రాజకీయ స్వభావం కలదా అన్నంతవరకే చూస్తారు. విచారణ పరిధి ఎంత ఇరుకైనదో సరబ్‌జిత్ రిక్ సింగ్ కేసులో 2007లోనే సుప్రీంకోర్టు వివరించింది. అలాంటి వేదిక మీద నిర్దోషిత్వం గురించి ముప్పై పేజీలు చదివితే, మేజిస్ట్రేట్‌కు అవి తన ముందున్న ప్రశ్నకు సంబంధించినవిగా కనిపించవు. ప్రభుత్వ న్యాయవాది మాత్రం సూటిగా మూడు మాటలు చెప్పారు: ఒప్పందం ప్రకారం దేశానికి బాధ్యత ఉంది, ఇంటర్‌పోల్ నోటీసు ఉంది, ఇతను పారిపోయి వచ్చినవాడు. 28వ రోజున పిటిషన్ కొట్టేశారు.

ఇంకో లోపం కూడా ఉంది. పిటిషన్‌ను మామూలు మేజిస్ట్రేట్ కోర్టులో వేసినట్టు సంహితలోని 480వ సెక్షన్ కింద వేశాను. అప్పగింత చట్టం 25వ సెక్షన్, ఆ వ్యక్తి ఎవరి ముందు హాజరవుతాడో ఆ మేజిస్ట్రేట్‌కు బెయిలు విషయంలో సెషన్స్ కోర్టుతో సమానమైన అధికారాలు ఇస్తుంది. అంటే 483వ సెక్షన్ అధికారాలు. చట్టం 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పేరు చెప్పినా, జనరల్ క్లాజెస్ చట్టంలోని 8వ సెక్షన్ వల్ల ఆ ప్రస్తావన ఇప్పటి సంహితకు వర్తిస్తుంది. సెక్షన్ నంబరు తప్పు రాసినంత మాత్రాన బెయిలు పోలేదు. కానీ కోర్టుకు తన అధికారం ఎంత విశాలమైనదో చెప్పవలసిన బాధ్యత నాది, దాన్ని నేనే కుదించి చూపాను.

అసలు అభ్యర్థన 52వ రోజున వచ్చింది. ఎనిమిది రోజులు ఆలస్యమై ఉంటే 34బి కింద అతను విడుదలై ఉండేవాడు. అప్పటిదాకా అతని తమ్ముడు నాకు రోజూ ఫోన్ చేసి “సార్, ఇవాళ ఏమన్నా వచ్చిందా?” అని అడిగేవాడు. రాలేదని చెబితే ఊపిరి పీల్చుకునేవాడు. వచ్చిందని చెప్పవలసి వచ్చిన రోజు నాకు ఇంకా గుర్తుంది.

ఎవరి శిక్షల పట్టిక చూడాలి

రెండో పిటిషన్ తొమ్మిది పేజీలు, దానికి అనుబంధంగా అరవై పేజీల కాగితాలు. ఈసారి వాదన రెండు అంశాల మీదే నిలబెట్టాం.

మొదటిది 25వ సెక్షన్ భాష. ఈ చట్టం కింద అరెస్టయిన లేక నిర్బంధంలో ఉన్న వ్యక్తికి, అతను ఆ నేరాన్ని భారతదేశంలోనే చేశాడన్న ఆరోపణ ఉంటే బెయిలు నిబంధనలు ఎలా వర్తించేవో అలాగే వర్తిస్తాయని ఆ సెక్షన్ చెబుతుంది. ఎలక్ట్రానిక్ మార్గాల్లో మోసానికి అమెరికా చట్టంలో గరిష్ఠ శిక్ష 20 ఏళ్లు. ప్రభుత్వ న్యాయవాది మొదటిసారి ఆ 20 ఏళ్లనే పట్టుకుని, ఇంత పెద్ద శిక్ష ఎదురుగా ఉన్నవాడు నిలుస్తాడా అని ప్రశ్నించారు. మేము అడిగింది ఒక్కటే: సెక్షన్ ‘భారతదేశంలో’ అన్నప్పుడు ఏ దేశపు శిక్షల పట్టిక చూడాలి? ఇదే ఆరోపణ కావలి పోలీసు స్టేషన్‌లో నమోదై ఉంటే అది పాత శిక్షాస్మృతిలోని 420, 120బి సెక్షన్ల కేసు, గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అరెస్టే యాంత్రికంగా జరగకూడదని అర్నేశ్ కుమార్ కేసులో 2014లో, అలాంటి కేసుల్లో బెయిలు విషయంలో ఉదారంగా ఉండాలని సతేందర్ కుమార్ అంటిల్ కేసులో 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. నెల్లూరులో రోజూ బెయిలు దొరికే ఆరోపణకు, ఫిర్యాదు అమెరికా నుంచి వచ్చినంత మాత్రాన బెయిలు అసాధ్యం కావాలని పార్లమెంటు కోరుకుని ఉంటే 25వ సెక్షన్‌ను ఈ మాటల్లో రాసేది కాదు.

రెండోది, అతను పారిపోలేదన్న వాస్తవం. తల్లి అన్న మాటను ఈసారి కాగితాల్లోకి మార్చాం. 2019 జూన్ విమాన టికెట్టు, తండ్రి ఆస్పత్రి చీటీలు, 2020 నుంచి ఏటా దాఖలు చేసిన ఆదాయపు పన్ను రిటర్నులు, భూమి హక్కుల 1-బి నకలు, చెరువుల కరెంటు బిల్లులు, పిల్లల బడి ఫీజు రసీదులు. అన్నిటికన్నా బలమైనది 2022 పాస్‌పోర్టు నవీకరణ. అభియోగపత్రం వచ్చిన ఏడాది తర్వాత, అతను సొంత పేరుతో, సొంత చిరునామాతో దరఖాస్తు చేసుకున్నాడు. స్థానిక పోలీసు ఇంటికి వచ్చి విచారించి, మనిషి ఇక్కడే ఉంటున్నాడని నివేదిక ఇచ్చాడు. దాక్కున్నవాడు ప్రభుత్వాన్ని ఇంటికి పిలిచి తన ఉనికిని ధృవీకరించుకోడు. ఈ కాగితం మీద మేజిస్ట్రేట్ రెండు ప్రశ్నలు అడిగారు. విచారణ అంతా ఆ రెండు ప్రశ్నల చుట్టూనే నడిచింది.

విదేశీ తీర్పుల ప్రస్తావన కూడా వచ్చింది. 1903లో రైట్ వర్సెస్ హెంకెల్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, అప్పగింత కేసుల్లో ప్రత్యేక పరిస్థితులు ఉంటే తప్ప బెయిలు ఇవ్వకూడదన్న ధోరణి తీసుకుంది. అక్కడి కోర్టులు ఇప్పటికీ దాన్నే అనుసరిస్తాయి, పరస్పర మర్యాద ప్రకారం మనమూ అదే పాటించాలన్నది ప్రభుత్వ వాదన. మా జవాబు ఇది: అక్కడి అప్పగింత చట్టం బెయిలు గురించి మౌనంగా ఉంది కనుక కోర్టు ఆ నియమం అల్లుకుంది. మన చట్టం మాట్లాడింది. ఇక ఇంగ్లండ్ అనుభవం మాకే అనుకూలం. ఒకే వెస్ట్‌మిన్‌స్టర్ మేజిస్ట్రేట్ కోర్టులో, ఒకే దేశం కోరిన ఇద్దరిలో విజయ్ మాల్యాకు 2017 ఏప్రిల్‌లో అరెస్టయిన రోజే 6,50,000 పౌండ్ల హామీ మీద బెయిలు దొరికింది. 2019 మార్చిలో అరెస్టయిన నీరవ్ మోదీకి అడిగిన ప్రతిసారీ నిరాకరించారు. మనుషుల పరిస్థితిని బట్టి నిర్ణయం మారిందే గాని, అప్పగింత కేసు అన్న కారణంతో ఇద్దరినీ ఒకే గాటన కట్టలేదు. ఆంధ్రప్రదేశ్‌లో టైటానియం తవ్వకం అనుమతుల కోసం లంచాలు ఇవ్వజూపారన్న ఆరోపణతో అమెరికా కోరిన ఉక్రెయిన్ వ్యాపారి ద్మిత్రో ఫిర్తాష్ సంగతీ ఉదహరించాం. 2014 మార్చిలో వియన్నాలో అరెస్టయిన ఆయన 12.5 కోట్ల యూరోల పూచీకత్తు మీద బయటికి వచ్చి, అక్కడే ఉండి ఏళ్ల తరబడి అప్పగింతను కోర్టుల్లో ఎదుర్కొన్నారు. మన రాష్ట్రపు పేరున్న కేసు కనుక దాన్ని ఎంచుకున్నానే గాని, పూచీకత్తు మొత్తం ఎంత పెద్దదైతే అంత మంచిదని నా అభిప్రాయం కాదు.

2025 ఫిబ్రవరిలో బెయిలు మంజూరైంది. పాస్‌పోర్టు అప్పగించాలి, ప్రతి వాయిదాకూ స్వయంగా రావాలి, వారానికి ఒకసారి కావలి స్టేషన్‌లో సంతకం పెట్టాలి, ఇద్దరు జామీనుదారులు చెరో అయిదు లక్షలకు పూచీ ఇవ్వాలి. ఫోన్‌లో గూగుల్ మ్యాప్ పిన్ ఎప్పుడూ దర్యాప్తు సంస్థకు కనబడేలా పెట్టాలని ప్రభుత్వం కోరింది. 2024 జులైలో ఫ్రాంక్ వైటస్ కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఇలాంటి షరతునే కొట్టేసిందని చూపాక ఆ కోరిక నిలవలేదు.

బెయిలు వచ్చాక పదకొండు రోజులు అతను జైల్లోనే ఉన్నాడు. జామీనుదారులు ఇద్దరూ కావలి ప్రాంతపు రైతులు. పూచీకి సరిపడా ఆస్తి ఉందని తహశీల్దారు ఇచ్చిన సాల్వెన్సీ సర్టిఫికెట్లు, పట్టాదారు పాస్‌బుక్కులు తెలుగులో ఉన్నాయి. వాటికి ఇంగ్లీషు అనువాదం, అనువాదానికి ధృవీకరణ, ఆపైన వాటిని సరిచూడమని ఢిల్లీ నుంచి కావలికి లేఖ, కావలి నుంచి జవాబు. మధ్యలో ఒక అధికారి స్థానిక జామీను, అంటే ఢిల్లీలో ఆస్తి ఉన్నవాళ్లను తెచ్చుకుంటే సులువని సలహా ఇచ్చాడు. 1978లో మోతీరామ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ అడిగిన ప్రశ్న ఇదే. ఒక మలయాళీ గాని, కన్నడిగుడు గాని, తమిళుడు గాని, తెలుగువాడు గాని తన ఊరికి దూరంగా చాందినీ చౌక్‌లాంటి చోట అరెస్టయితే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారుణ్ణి ఎక్కడి నుంచి తెస్తాడని ఆయన నిలదీశారు. స్థానిక జామీను కోసం పట్టుబట్టడం వల్ల విడుదలలు ఆలస్యమవుతున్నాయని 2023 జనవరిలోనూ సుప్రీంకోర్టు గుర్తుచేసింది. ఈ రెంటినీ జతచేసి మెమో వేశాక మూడు రోజుల్లో పని జరిగింది. ఆ మెమో మొదటి రోజే వేసి ఉండవలసింది. ఇప్పుడు ఇలాంటి కేసు వస్తే, బెయిలు వాదనకన్నా ముందే జామీను కాగితాలు అనువాదంతో సహా సిద్ధం చేయించి పెడుతున్నాను.

కమిట్ చేశాక బెయిలు ఉంటుందా

విచారణ ఆరు నెలలు సాగింది. 10వ సెక్షన్ ప్రకారం అమెరికా నుంచి ధృవీకరించి పంపిన వాంగ్మూలాలు, పత్రాలు సాక్షులు లేకుండానే సాక్ష్యంలోకి వెళ్లాయి. మా అభ్యంతరాలు నమోదయ్యాయి. 2025 ఆగస్టులో ప్రాథమిక ఆధారం ఉందని మేజిస్ట్రేట్ తేల్చి, 7(4) సెక్షన్ కింద, కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వుల కోసం వేచి ఉండేలా అతన్ని జైలుకు కమిట్ చేశారు. వాయిదాకు మామూలుగా వచ్చిన మనిషి ఆ సాయంత్రమే తిహార్‌కు వెళ్లాడు. అప్పటికి 19 వాయిదాలు జరిగాయి, పంతొమ్మిదింటికీ హాజరయ్యాడు.

ఈ ఉత్తర్వు మీద చట్టంలో అప్పీలు లేదు. హైకోర్టులో రిట్ వేయడమే దారి. రిట్ తేలడానికి ఎంతకాలం పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ కాలమంతా అతను ఎక్కడ ఉండాలన్నదే ఈ కేసులో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న.

ముందు 24వ సెక్షన్ గురించి చెప్పాలి, ఎందుకంటే అది ఆశ చూపి దారి తప్పిస్తుంది. కమిట్ చేసిన రెండు నెలల్లో ఆ వ్యక్తిని దేశం దాటించకపోతే, కేంద్రానికి ముందుగా నోటీసు ఇచ్చి హైకోర్టులో దరఖాస్తు చేసుకోవచ్చు. తగిన కారణం చూపకపోతే కోర్టు విడుదల చేయవచ్చు. కుటుంబం ఈ సెక్షన్ సంగతి ఎవరి దగ్గరో విని, రెండు నెలలు ఓపిక పడితే చాలు కదా సార్ అని నా దగ్గరికి వచ్చింది. కానీ మనమే రిట్ వేసి అప్పగింత మీద స్టే తెచ్చుకున్నాక, రెండు నెలలు దాటాయి కనుక వదిలేయమని అడిగితే ప్రభుత్వం చూపే ‘తగిన కారణం’ మన స్టేయే అవుతుంది. స్టే అడగకుండా ఉందామంటే, రిట్ పెండింగ్‌లో ఉండగానే విమానం ఎక్కించే ప్రమాదం ఉంది. ఈ రెంటి మధ్య నిలబడాలంటే స్టేతోపాటే బెయిలు అడగడం తప్ప నాకు వేరే మార్గం కనిపించలేదు. సవాలు చేసే హక్కు వాడుకున్నందుకు జైలు కాలం పెరగకూడదు అన్నది మా పిటిషన్‌లో మొదటి పేరా.

7(4) ఉత్తర్వుతో బెయిలు దశ ముగిసిందని, 25వ సెక్షన్ మేజిస్ట్రేట్ ముందున్న దశకే పరిమితమని ప్రభుత్వం వాదించింది. మేము ఆ సెక్షన్‌ను రెండు భాగాలుగా చదివి చూపాం. ‘అరెస్టయిన లేక నిర్బంధంలో ఉన్న’ వ్యక్తికి బెయిలు నిబంధనలు వర్తిస్తాయన్నది మొదటి భాగం. మేజిస్ట్రేట్‌కు సెషన్స్ కోర్టు అధికారాలు ఉంటాయన్నది రెండోది. రెండో భాగం అదనంగా ఒక అధికారాన్ని ఇస్తుందే గాని మొదటి భాగాన్ని కత్తిరించదు. కమిట్ అయి జైల్లో ఉన్నవాడు ఈ చట్టం కింద నిర్బంధంలో లేడని ఎవరూ అనలేరు. పైగా 7(4)లో చట్టం వాడిన మాట జైలుకు పంప‘వచ్చు’ అనే గాని, పంపి తీరాలి అని కాదు.

మన రాష్ట్రం నుంచే వెళ్లిన గుడికంటి నరసింహులు కేసు ఇక్కడ మాకు ఆసరా అయింది. హైకోర్టు శిక్ష వేశాక, సుప్రీంకోర్టులో అప్పీలు తేలేలోగా బెయిలు ఇవ్వవచ్చా అన్న ప్రశ్న మీద 1977 డిసెంబరులో జస్టిస్ కృష్ణయ్యర్ ఇచ్చిన ఉత్తర్వు అది. ఉన్నత న్యాయస్థానం దోషిగా తేల్చిన తర్వాత కూడా బెయిలు స్వేచ్ఛకు సంబంధించిన ప్రశ్నగానే మిగులుతుందని, మనిషి నడవడిక, సమాజంలో అతని వేళ్లు, పారిపోయే అవకాశం చూసి తేల్చాలని అందులో ఉంది. శిక్ష పడినవాడికే ఆ మాట వర్తిస్తే, ప్రాథమిక ఆధారం మాత్రమే తేలినవాడికి వర్తించదనడం ఎలా?

ప్రభుత్వ పక్షం చెప్పిన వాటిలో ఒక మాట నిజంగా బరువైనదని ఒప్పుకోవాలి. ఆధారం ఉందని కోర్టు తేల్చాక, అప్పగింత దగ్గరపడ్డాక, అంతవరకు పారిపోని మనిషికి కూడా పారిపోవాలన్న ఆలోచన కలగవచ్చు. ఇది ఊహ మాత్రమే అని కొట్టేయలేదు. అందుకే షరతులు ఎంత గట్టివైనా ఒప్పుకుంటామని, వాటిని తప్పితే నోటీసు లేకుండా బెయిలు రద్దు చేయవచ్చని రాసి ఇచ్చాం. పిల్లలిద్దరూ అమెరికాలో పుట్టినవాళ్లు, అమెరికా పాస్‌పోర్టులున్నవాళ్లు, కనుక విదేశీ సంబంధాలు బలంగా ఉన్నాయన్నది వాళ్ల మరో వాదన. అభ్యర్థన చేసిన దేశంతోనే ఉన్న సంబంధం ఆ దేశానికి చిక్కకుండా పోవడానికి ఎలా పనికొస్తుందని అడిగాం. ధర్మాసనం ఆ అంశాన్ని అక్కడితో వదిలేసింది.

కమిట్ అయిన 47వ రోజున మధ్యంతర బెయిలు వచ్చింది. ఉత్తర్వు మూడు పేజీలే. అతను 2019లో వచ్చాడని, అభియోగం 2021 నాటిదని, 19 వాయిదాలకు హాజరయ్యాడని, రిట్‌లో పరిశీలించదగిన ప్రశ్నలున్నాయని అందులో ఉంది. ‘ఫ్యుజిటివ్’ అన్న మాట ఉత్తర్వులో సెక్షన్ ప్రస్తావనలో తప్ప ఎక్కడా లేదు. దాన్ని నేను రెండుసార్లు వెతికి చూశాను.

ఒక షరతు మాత్రం నేను అంగీకరించలేనిది. అతనితోపాటు భార్య పాస్‌పోర్టు కూడా కోర్టులో ఉంచమన్నారు. ఆమె మీద ఇక్కడా కేసు లేదు, అక్కడా లేదు. పాస్‌పోర్టును స్వాధీనంలో ఉంచుకునే అధికారం పాస్‌పోర్టు చట్టం కిందే ఉంటుందని, కోర్టు తన సాధారణ అధికారంతో ఆ పని చేయలేదని సురేశ్ నందా కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. బెయిలు కోరిన వ్యక్తి తన పాస్‌పోర్టు ఇవ్వడానికి ఒప్పుకోవడం వేరు. బెయిలు కోరని మనిషి కదలికను అతని బెయిలుకు తాకట్టు పెట్టడం వేరు. ఆ రోజు అభ్యంతరం చెబితే విడుదల ఆగుతుందేమోనని ఆమే వద్దంది. “ముందు ఆయన్ని ఇంటికి రానీండి సార్, నా కాగితం సంగతి తర్వాత” అంది. ఆమె మాట విన్నాను.

అతను కావలిలో ఉన్నాడు. ప్రతి సోమవారం స్టేషన్‌కు వెళ్లి సంతకం పెడుతున్నాడు. రిట్ తుది విచారణకు ఇంకా రాలేదు. భార్య పాస్‌పోర్టు తిరిగి ఇప్పించమని వేసిన దరఖాస్తు మీద కేంద్రం కౌంటరు దాఖలు చేసింది, దానికి మా జవాబు ఈ వారం వేస్తున్నాం.